నలభై ఇళ్ల చొక్కా

తోక్తోబూబూ కోడలు ఐజిరెక్ గుమ్మంలో నిలబడి బూట్లకంటిన మంచు దులుపుకుంటున్నప్పుడే బుర్మకాన్‌కి సంగతి అర్థమైపోయింది. ఎనిమిదో నెల కడుపుతో, ఊరికి ఆ చివర నుంచి ఈ చివరకి, జారుడు దారిలో ఒక్కతే నడిచొచ్చిందంటే టీ తాగడానికి కాదు.

"మా అత్తగారు పంపారు, ఎజె," అంది ఆ పిల్ల లోపలికి అడుగు పెట్టకుండానే.

"కూర్చో ముందు. నిలబడి అడిగే పని కాదులే అది."

తాష్-బులాక్‌లో పెద్దా చిన్నా అందరికీ బుర్మకాన్ ఎజే. సొంత అక్క కాకపోయినా అక్కే. ఐజిరెక్ పొయ్యి పక్కన బొంత మీద మెల్లగా చతికిలబడింది. పిడకల సెగకి బుగ్గలు ఎర్రబడ్డాయి. ఇరవై నాలుగేళ్లు. నాలుగేళ్ల కాపురంలో ఇద్దరు బిడ్డల్ని మట్టిలో పెట్టింది. ఒకడు తొమ్మిది రోజులు బతికాడు, ఒకతి రెండు నెలలు.

"నలభై ఇళ్ల చొక్కా కావాలట," అంది కప్పు రెండు చేతులా పట్టుకుని. "మొదటి ఇద్దరికీ ఆమే కుట్టారు. ఈసారి మీ చేతులతో కుట్టించాలంటున్నారు. మీ చొక్కా తొడిగిన పిల్లలెవరూ పోలేదట కదా?"

"ఎవరన్నారు అలా అని?"

"ఊరంతా అంటుంది ఎజె."

బుర్మకాన్ కప్పులో ఇంకాస్త పాలు పోసింది.

ఊరంతా అనే మాట నిజమే. బిడ్డ పుట్టిన నలభయ్యో రోజున నలభై ముక్కలతో అతికిన చొక్కా తొడగడం అక్కడి వాడుక. నలభై ఇళ్ల గడప తొక్కి, ఇంటికో ముక్క అడిగి తేవాలి. బిడ్డను పోగొట్టుకున్న ఇంటి ముక్క పనికిరాదు. తొంభై ఏళ్లు బతికి పోయినవాళ్ల సావులో చింపి పంచిన గుడ్డ అయితే మరీ మంచిది, ఆ ఆయుష్షు బిడ్డకొస్తుందంటారు. ముక్కలన్నీ చేత్తోనే కుట్టాలి, మిషను తగలకూడదు. కింద అంచు మడవకూడదు, మడిస్తే ఆయుష్షు అక్కడితో మడిచినట్టే. ఇరవై ఏళ్లుగా ఆ ఊళ్లో ఈ చొక్కాలు కుడుతున్నది బుర్మకానే. ఆమె కుట్టు చూసినవాళ్లు వేరే కుట్టు ఒప్పుకోరు. మూడు మూలల ముక్కల కొసలు నాలుగు ఒకచోట కలిసినా సూది మొన పెట్టే సందు కూడా కనిపించదు. చొక్కాలే కాదు, పెళ్లి పరుపులు, గోడకి కట్టే అతుకుల తెరలు, అన్నీ ఆమె చేతివే. మొగుడు బడి బస్సు నడుపుతూ పోయాక ఆ సూదే ఆమెకి అన్నం పెట్టింది.

"కుడతానని చెప్పు," అంది చివరికి. "నువ్వు మాత్రం ఇంకోసారి ఈ మంచులో నడవకు."

పదిహేనేళ్ల కిందట అయితే రెండు వీధులు తిరిగితే నలభై ముక్కలూ దొరికేవి. ఇప్పుడు సగం ఇళ్లకి తాళాలు. జనం రష్యాకో, రాజధానికో పోయారు. తెరిచున్న ఇళ్లలో చాలావాటికి బుర్మకాన్ వెళ్లలేదు. ఏ ఇంట్లో ఏ బిడ్డ ఎప్పుడు పోయిందో ఆమెకి తెలుసు. బిడ్డ పోని ఇళ్లు ఈ ఊళ్లో నలభై ఉంటాయా అన్న అనుమానం ఆమెకి ఎప్పటినుంచో ఉంది, పైకెప్పుడూ అనలేదు.

మిగిలిన గడపల్లో కొందరు సంతోషంగా ఇచ్చారు, కొందరు సణిగారు. "మా ఇంట్లో బట్టంతా చైనా నైలానే ఎజె," అని ఒకావిడ నవ్వింది. "నీ సూది దిగుతుందో, విరుగుతుందో!" ఇంకొకావిడ తలుపు సందులోంచే, "తోక్తోబూబూ ఇంటికా? ఆ ఇంటి గాలి మా గుడ్డకి పట్టి మా ఇంటికొస్తే?" అని తలుపేసేసింది.

ఐజిరెక్ నెల ముందే ప్రసవించింది. మగపిల్లాడు. తుర్సున్ అని పేరు పెట్టారు, నిలిచి ఉండమని. ఆ కబురు అందేసరికి బుర్మకాన్ డబ్బాలో ఇరవై మూడు ముక్కలున్నాయి. మిగతావాటికోసం పై వీధికి పోతూ వాగు దగ్గర గడ్డకట్టిన నీళ్లమీద పడి మోకాలు వాచింది. నాలుగు వారాలు మంచం దిగలేదు. లేచేటప్పటికి నలభయ్యో రోజు ఇంకో వారంలో ఉంది.

ఆదివారం సంతలో, గొర్రెల దొడ్డి వెనక, పాతబట్టల వరస ఉంటుంది. సాబిరా అక్కడ పదేళ్లుగా మూటలు విప్పుతోంది. ఎక్కడెక్కడి దేశాల వాళ్లో వదిలేసిన బట్టలు, బిగించి కట్టిన పెద్ద పెద్ద మూటల్లో వస్తాయి. దిండు గలీబులకీ, పరుపులకీ బుర్మకాన్ ఎప్పుడూ ఆ గుట్టల్లోనే ఏరుకుంటుంది. అక్కడ దొరికే నూలుగుడ్డ కొత్త బట్టల కొట్లలో దొరకదు.

"రా ఎజె రా!" అని కేకేసింది సాబిరా, కాళ్లు కదుపుతూ చలి కాచుకుంటూ. "జర్మనీ చచ్చినోళ్లవి కావాలా, కొరియా చచ్చినోళ్లవి కావాలా? ఇవాళ రెండూ ఉన్నాయి!"

"నీ నోరు పడ! చచ్చినోళ్లవో బతికినోళ్లవో నీకేం తెలుసే?"

"బతికినోళ్లయితే ఇంత మంచి కోటు వదులుకుంటారా, చెప్పు! నేనైతే కప్పెట్టేదాకా వదలను."

బుర్మకాన్ గుట్టలో చేతులు పెట్టింది. ఆమె కళ్లతో ఏరదు, బొటనవేలూ చూపుడు వేలూ మధ్య నలిపి చూసి ఏరుతుంది. నీలం చారల మగవాడి చొక్కా ఒకటి, జేబు అడుగున సిరా మరక. చెర్రీపళ్లు అచ్చేసిన టేబులు గుడ్డ. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన ముసలావిడ గౌను. పసుపుపచ్చ బాతుపిల్లలున్న పిల్లల రాత్రి చొక్కా. ఇలా పది పన్నెండు.

"ఎవరికి ఎజె, ఇంత ముచ్చటగా?"

"దిండు గలీబులకి," అంది బుర్మకాన్.

ఇంటికి తెచ్చి మూడుసార్లు ఉతికింది. ఉప్పునీళ్లలో ఉడకబెట్టింది. వాకిట్లో దేవదారు కొమ్మ కాల్చి ఆ పొగ పట్టించింది. ఆ పైన కత్తెర తీసింది. పదిహేడు ముక్కలు.

జంకలేదు. ఎందుకు జంకలేదో ఆమెకి తెలుసు. ముప్పై ఏళ్ల కిందట, కొండలకి అవతల, వేరే జిల్లాలో, ఆమెకో కొడుకుండేవాడు. ఎలెబెస్. ఆ పిల్లాడికి నలభై ముక్కల చొక్కా బుర్మకాన్ తల్లి కుట్టింది. ఒక్క ముక్కలో అబద్ధం లేదు. అందులో తొంభై ఆరేళ్ల ముసలాయన సావుగుడ్డ కూడా ఉంది. పిల్లాడు రెండేళ్లు నిండకుండా దగ్గుతో పోయాడు. ఆ తర్వాతే మొగుడూ, ఆమే, ఒళ్లో ఆడపిల్లా కొండ దాటి ఈ ఊరొచ్చారు. ఇక్కడ ఎవరికీ ఆ సంగతి చెప్పలేదు. చెబితే ఆమె చేతి చొక్కా ఎవరు తొడుగుతారు?

నలభయ్యో రోజున తోక్తోబూబూ ఇల్లు ఆడవాళ్లతో నిండిపోయింది. నలభై చెంచాల నీళ్లు పోసి పిల్లాడికి స్నానం చేయించారు. నలభై చిన్న రొట్టెలు వేయించి వీధి పిల్లలకి పంచారు. తోక్తోబూబూ పొడుగ్గా, ఎముకల గూడులా ఉండే మనిషి. ఆమెకా పేరు పెట్టిందే ముందు పుట్టిన నలుగురూ పోతే, చావులు ఇక్కడితో ఆగాలని. చొక్కాని కిటికీ వెలుగులో పెట్టి ముక్క ముక్కా తడిమింది.

"నలభయ్యీ ఇళ్ల నుంచేనా, బుర్మకాన్?"

"నలభయ్యీ."

"ఈ బాతుపిల్లలది ఎవరింటిది? ముచ్చటగా ఉంది."

తొణక్కుండా చెప్పేసింది బుర్మకాన్. "కిందివీధి కలీ ముసలాయన ఇంటిది. మనవరాలి చొక్కాట."

"కలీకి తొంభై రెండు కదూ!" తోక్తోబూబూ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ముక్కని పెదవులకి ఆనించుకుని, "నా నాయనకి తొంభై రెండు," అంది పిల్లాడి చెవిలో. ఐజిరెక్ గోడ పక్కన కూర్చుని బుర్మకాన్ వైపు చూసి నవ్వింది. ఆ పిల్ల నవ్వగా చూడటం బుర్మకాన్‌కి అదే మొదలు.

తుర్సున్ నూట పది రోజులు బతికాడు.

పాలు తాగుతూ తాగుతూ ఆయాసపడేవాడట. పెదవులు నీలిరంగుకి తిరిగేవట. చలికనుకున్నారు. జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయేసరికి ఆలస్యమైంది. అక్కడి డాక్టరమ్మ గుండెలో చిల్లుందంది, కడుపులోనే పడిన చిల్లంది. ముందు ఇద్దరిదీ ఇదే అయ్యుండొచ్చనీ, మళ్లీ నెల తప్పితే మాత్రం రాజధానికి పోయి కడుపులో ఉండగానే గుండె చూపించుకోవాలనీ చెప్పింది. కాగితం మీద రాసి కూడా ఇచ్చింది.

తోక్తోబూబూ ఆ కాగితాన్ని చూడలేదు. మొదటి రెండు వారాలు గోడవైపు తిరిగి కూర్చుని ఏడ్చింది. మూడో వారం నుంచి ఏడుపాపి కోడలి వైపు చూడటం మొదలుపెట్టింది.

ఈ మాటలన్నీ బుర్మకాన్‌కి కుళాయి దగ్గర వినిపించేవి. "మూడోది కూడానట." "పిల్లాడి సావు నలభయ్యో రోజు అయ్యాక పుట్టింటికి పంపేస్తుందట." "కొడుక్కి ఇంకోదాన్ని చూస్తోందట అప్పుడే." బుర్మకాన్ బిందె నిండకుండానే తీసుకుని ఇంటికొచ్చేసేది.

పిల్లాడు పోయిన ముప్పయ్యో రోజు మధ్యాహ్నం ఐజిరెక్ వచ్చింది. ఈసారి బూట్లు దులుపుకోలేదు, మంచు కరిగిన బురదతోనే లోపలికొచ్చి చొక్కా తీసి బొంత మీద పడేసింది.

"సంతకెళ్లాను," అంది. "సాబిరా పలకరించింది. పాపం, ఓదార్చాలనే. 'ఏమ్మా, ఆ బాతుపిల్లల గుడ్డ పిల్లాడికి ఎంత బావుండేదో! నా మూటలోదే, ఎజె ఏరుకుపోయింది' అంది."

బుర్మకాన్ సూది పక్కన పెట్టింది.

"ఎన్ని ఎజె?"

"పదిహేడు."

"ఏవేవి?"

"ఐజిరెక్—"

"ఏవేవో చూపించండి."

బుర్మకాన్ కత్తెర తీసుకుంది. కుట్టు తెంపడం మొదలుపెట్టింది. అంత సన్నని కుట్టు, విప్పడానికి కుట్టినంతసేపూ పట్టేలా ఉంది. ఐజిరెక్ ఎదురుగా కూర్చుని, ఊడిన ముక్కని ఊడినట్టు అందుకుని రెండు కుప్పలు పెట్టింది. నీలం చారలు ఇటు. కలీ పొరుగింటి పువ్వుల గుడ్డ అటు. చెర్రీపళ్లు ఇటు. బాతుపిల్లల ముక్క వచ్చినప్పుడు దానిమీద పాలమరక కనిపించింది. ఐజిరెక్ దాన్ని ఏ కుప్పలోనూ పెట్టలేదు, గుప్పిట్లో పట్టుకుంది.

"కొట్టు నన్ను," అంది బుర్మకాన్. "తిట్టు. నీ నోటికొచ్చింది అను."

"ఎందుకు చేశారు?"

అప్పుడు చెప్పింది. ముప్పై ఏళ్లలో ఒక్కరికీ చెప్పని ఎలెబెస్ సంగతి మొత్తం చెప్పింది. తల్లి కుట్టిన చొక్కా, తొంభై ఆరేళ్ల సావుగుడ్డ, దగ్గు, మార్చి నెల మట్టి. "నా పిల్లాడిది నలభయ్యీ నిజమైన ముక్కలే, తల్లీ. ఒక్కటీ తక్కువ లేదు. చొక్కా వల్ల ఎవరూ బతకరు. చొక్కా వల్ల ఎవరూ పోరు. డాక్టరమ్మ చెప్పిందే నిజం. గుండెలో చిల్లు. అది నీ వల్ల కాదు, నా వల్లా కాదు."

ఆ మాట ఊరట అవుతుందనుకుంది. ఐజిరెక్ మొహం ఇంకా పాలిపోయింది.

"ఆ మాట మాత్రం ఎక్కడా అనకండి," అంది. "కడుపులో పడిన చిల్లంటే ఎవరి కడుపు ఎజె? నాదే కదా. మా అత్తగారు అదే అంటున్నారు. ముగ్గుర్ని తిన్న కడుపట. పదిరోజుల్లో నన్ను పంపేస్తారు. మా నాన్న ఇంట్లో నాకు చోటు లేదు, అక్కడ ఇద్దరు వదినెలున్నారు. మెదెర్ నా మొగుడే కానీ, వాళ్లమ్మ మాటకి ఎదురు చెప్పడు."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"చొక్కా వల్లే అని చెప్పండి. నలభయ్యో రోజు, అందరి ముందూ. పదిహేడు ముక్కలు చచ్చినవాళ్ల బట్టలని చెప్పండి."

"నువ్వు నమ్ముతున్నావా ఆ మాట?"

ఐజిరెక్ గుప్పిట బిగించింది. "నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా లేదు. నాకు ఉండటానికి ఇల్లు కావాలి."

పది రోజుల తర్వాత తోక్తోబూబూ ఇంట్లో పోయిన పిల్లాడి పేరిట ఏడు రొట్టెలు వేయించారు. ముల్లా చదివి వెళ్లిపోయాడు. మగవాళ్లు వాకిట్లో గుర్రాల దగ్గర నిలబడ్డారు, ఆడవాళ్లు లోపల టీ చుట్టూ కూర్చున్నారు. బుర్మకాన్ గుమ్మం పక్కనే, అందరికన్నా కింది చోట కూర్చుంది. రొట్టె తుంచలేదు. మాటలు కాస్త సద్దుమణిగాక లేచి నిలబడింది.

"తోక్తో ఎజె, నీకు అబద్ధం చెప్పాను. చొక్కా నలభై ఇళ్లది కాదు. ఇరవై మూడే. మిగతా పదిహేడూ సాబిరా మూటల్లోవి. ఆ బాతుపిల్లలది కలీ ఇంటిది కాదు."

ఎవరి చేతిలోంచో చెంచా జారి పళ్లెంలో పడింది.

"ఎవరివవి?" అంది తోక్తోబూబూ చాలా నెమ్మదిగా.

"తెలీదు. ఎక్కడివాళ్లో. చచ్చినవాళ్లవే కావచ్చు." బుర్మకాన్ తోక్తోబూబూ వైపే చూసింది. "నీ కోడలి తప్పేం లేదు. తప్పు నాది."

తోక్తోబూబూ లేచింది. కొడుతుందని అందరూ అనుకున్నారు. కొట్టలేదు. దగ్గరకొచ్చి బుర్మకాన్ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, తిప్పి, అరచేతులు చూసింది. "ఇవి కుట్టిన గుడ్డని నేను ముద్దుపెట్టుకున్నాను," అంది. "వెళ్లు. నా గడప తొక్కకు. నా శవం లేచినప్పుడు కూడా రాకు."

వాకిట్లో మెదెర్ గుర్రం కళ్లెం పట్టుకుని నిలబడున్నాడు. అంతా విన్నాడు. పక్కకి జరిగి దారిచ్చాడు, తల ఎత్తలేదు.

మర్నాటి నుంచి ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. ఎవరి పిల్లల చొక్కా వాళ్లు పట్టుకొచ్చారు. దాచుకున్నవి, పెట్టెల అడుగు నుంచి తీసినవి. "ఈ ఎర్రముక్క ఎవరింటిది? ఈ మఖమల్ ఎక్కడిది? నిజం చెప్పు." ఆ చొక్కాల్లో ఒక్క మూట ముక్క కూడా లేదు. పదిహేడూ ఒక్క తుర్సున్ చొక్కాలోనే పడ్డాయి. బుర్మకాన్ ప్రతి ముక్కకీ ఇంటిపేరు చెప్పింది. ఎవరూ నమ్మలేదు. పదకొండేళ్ల కొడుకుని వెంటబెట్టుకొచ్చిన ఒకావిడ, పిల్లాడు బంతి కింద కొట్టుకుంటూ చూస్తుండగానే, వాడి చొక్కాని ఆమె వాకిట్లోనే కాల్చింది. ఇంకొకావిడ వాళ్ల అత్త సావుగుడ్డలోంచి ఇచ్చిన ముక్క తిరిగి ఇమ్మంది. "అది ఎప్పుడో కుట్టేశానమ్మా," అంటే, "అయితే నీ సావులో చింపుకుంటాంలే, బతికినంత కాలం బతికావుగా," అని పోయింది.

పెళ్లి పరుపుల పని ఒప్పజెప్పిన ఇళ్లవాళ్లు దూది వెనక్కి తీసుకుపోయారు. వేసవికి ఆమె చేతిలో పనంటూ ఏదీ మిగల్లేదు.

సాబిరా ఒక్కతే వచ్చింది. గుమ్మంలో నిలబడింది, మొదటిసారి ఆ నోటికి హాస్యం రాలేదు. "నా నోరు కాలిపోను, ఎజె. ఆ పిల్లకి ఏదో మంచిమాట చెప్పాలనుకున్నాను."

"నువ్వు నిజమే చెప్పావు," అంది బుర్మకాన్.

"వచ్చి నా దగ్గర కూర్చో. జిప్పులు పోయిన కోట్లు గుట్టగా పడున్నాయి. చేతులు పొడుగైనవి, బొత్తాలూడినవి. ఆ పని చెయ్యి. వాటిని నిన్నెవరూ ఏ ఇంటివని అడగరు."

అలా బుర్మకాన్ పాతబట్టల వరసలో, తిరగేసిన చెక్కపెట్టె మీద కూర్చుంది. అతుకుల పని మళ్లీ ముట్టుకోలేదు.

ఐజిరెక్‌ని పుట్టింటికి పంపలేదు. శరత్కాలంలో మళ్లీ నెల తప్పిందని సంతలో విన్నప్పుడు బుర్మకాన్ చేతిలో సూది ఆగింది. రాజధానికి వెళ్లొచ్చారా అని అడిగింది.

"ఎందుకు?" అంది సాబిరా ఆశ్చర్యంగా. "తోక్తోబూబూ ఎందుకు పంపుతుంది? చొక్కా దోషమని తేలిపోయిందిగా. ఈసారి తాయెత్తు కట్టించిందట, అంతే. డాక్టరు కాగితం పొయ్యిలో పెట్టిందట."

ఆ పిల్లకి ఇల్లు నిలబెట్టాలని చెప్పిన మాట, ఆసుపత్రి తలుపు మూసేసింది. ఇది బుర్మకాన్‌కి తట్టనే లేదు. ఆ వారమే కుళాయి దారిలో ఐజిరెక్‌ని ఆపింది. చుట్టూ ఎవరూ లేరు.

"రాజధానికి పో తల్లీ. గుండె చూపించు. నా మాట విను."

"మీ మాటా?" ఐజిరెక్ బిందె చంక మార్చుకుంది. "చొక్కా వల్లే అని మీరే కదా చెప్పారు."

"నువ్వే కదా చెప్పమన్నావు!"

"చెప్పారు కదా. అందరూ నమ్మారు. నేనూ నమ్మాను, ఎజె." గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టుంది. "నమ్మాకే నిద్ర పట్టింది నాకు. ఇప్పుడు మళ్లీ తీసేసుకోకండి." వంచిన తల ఎత్తకుండా వెళ్లిపోయింది.

మిగిలింది మెదెర్. ఏటి ఒడ్డున గుర్రాలకి గడ్డి దించుతున్నాడని తెలిసి బుర్మకాన్ కుంటికాలితో అంతదూరం నడిచింది. అతను ఆమెని చూసి పంగలకర్ర నేలకి గుచ్చాడు.

"చొక్కా వల్ల కాదు బాబూ," అంది ఊపిరి తీసుకోకుండానే. "ఆ రోజు నేను చెప్పింది నిజం కాదు."

"ముక్కలు మూటలోవి కాదా?"

"మూటలోవే. దానివల్ల పిల్లాడు పోలేదు."

"మీరొకసారి నలభై ఇళ్లదన్నారు. తర్వాత మీ తప్పే అన్నారు. ఇప్పుడు కాదంటున్నారు." అతను ఎగతాళి చెయ్యడం లేదు, నిజంగానే అడుగుతున్నాడు. "నేను ఏది నమ్మాలి, ఎజె?"

అప్పుడు రెండోసారి ఎలెబెస్ సంగతి చెప్పింది. ఐజిరెక్ అడిగిన మాట మాత్రం చెప్పలేదు. "నీ ఇంట్లో ఆ పిల్లకి చోటుండాలని తప్పు నెత్తిన వేసుకున్నాను. నువ్వు నోరు తెరిచుంటే నాకా అవసరమే వచ్చేది కాదు. నన్ను అబద్ధాలకోరువనుకో, ఊరు వదిలి పొమ్మను, పోతాను. ఆ పిల్లని మాత్రం డాక్టరుకి చూపించు. గుండె బావుంటే నీకు పోయేదేముంది? ఒక ప్రయాణం."

మెదెర్ గుర్రం మెడ నిమురుతూ నిలబడ్డాడు. "అమ్మకి తెలియకూడదు," అన్నాడు చివరికి.

వాళ్ల చిన్నాన్న కూతురి పెళ్లని చెప్పి రాజధానికి తీసుకుపోయాడు. అక్కడ చూసి, గుండెలో చిల్లుందనీ, కాన్పు అక్కడే కావాలనీ అన్నారట. ఇక తల్లికి సంగతి కబురు చేసి అక్కడే ఉండిపోయారు. ఆడపిల్ల పుట్టింది. పన్నెండో రోజున ఆ పిల్ల గుండె కోసి కుట్టారు. కోత కుళ్లి మళ్లీ కోశారు. రెండు నెలలు గాజుపెట్టెలో ఉంది. వేసవి చివర్లో ఇంటికి తెచ్చినప్పుడు గడ్డం కింద నుంచి బొడ్డు దాకా మచ్చ ఉందని, పిల్లికూనంత ఉందని, కానీ పాలు తాగుతోందని సాబిరా వచ్చి చెప్పింది. చెప్పి, నీళ్లు నములుతూ నిలబడింది.

"ఇంకా ఏంటే?"

"తోక్తోబూబూ ఊరంతా చెబుతోంది ఎజె. ఈసారి ఏ చొక్కా తొడగలేదు, అందుకే నిలిచిందట. ఆసుపత్రికి పోయినా పోకపోయినా నిలిచేదేనట. బుర్మకాన్ చెయ్యి పడలేదు కనక బతికిందట."

"అననీ," అంది బుర్మకాన్.

"నేను ఊరుకోలేక—"

"అననీవే. పిల్ల ఉందిగా."

మరుసటి శీతాకాలం మొదట్లో ఒక ఆదివారం ఐజిరెక్ పాతబట్టల వరసకి వచ్చింది. పిల్ల దుప్పట్లో చుట్టి వీపున ఉంది. ఎర్రటోపీ, సన్నటి మొహం కనిపించాయి. ఐజిరెక్ గుట్టలోంచి ఒక చిన్న నీలం కోటు తీసింది. దూది మందంగా ఉంది. పిల్ల భుజానికి పెట్టి చూసుకుంది. చేతులు వేళ్లు దాటి వేలాడుతున్నాయి.

"మంచి సరుకు, కొత్తదే!" అంది సాబిరా. "చేతులు పొడుగంటావా, ఎజెకి ఇవ్వు. నువ్వు టీ తాగేలోగా మడిచేస్తుంది."

ఐజిరెక్ అప్పుడు చూసింది, పెట్టె మీద కూర్చున్న బుర్మకాన్‌ని. బుర్మకాన్ అప్పటికే నీలం దారం వెతుకుతూ డబ్బా మూత తీసింది. వీపున ఉన్న పిల్ల చెయ్యి బయటికి తీసి తల్లి జుట్టు పట్టుకు లాగింది.

"వద్దులే," అంది ఐజిరెక్. ఒక్క క్షణం ఆగింది. "పెరుగుతుంది కదా."

కోటు అలాగే మడిచి చంకలో పెట్టుకుని, గొర్రెల దొడ్డి పక్కనుంచి జనంలోకి నడిచింది. బుర్మకాన్ డబ్బా మూత పెట్టి, ఒళ్లో ఉన్న కోటు జిప్పు మళ్లీ అందుకుంది.